సోమలింగం గారి మాటకు బాప్తిస్మం

సూరంపేటలో ఎవరైనా ‘తప్పకుండా వస్తాను’ అంటే, వేళకి మనిషి రాకపోయినా ఆయన మాట వస్తుంది. మాట అంటే ఉత్తరమో కబురో కాదు. అచ్చం ఆ మనిషి పోలికతో, ఇస్త్రీ బట్టలతో, కాస్త పలచగా ఉంటుంది. కిటికీకి అడ్డంగా నిలబడితే వెనక చువ్వలు కనిపిస్తాయి. వచ్చి కుర్చీలో కూర్చుంటుంది, పలకరిస్తే పలుకుతుంది, కార్యక్రమం అయ్యాక ఇంటికి పోతుంది. దీనికి ఒక్కటే పద్ధతి. చెప్పిన వేళకి గడప ఎవరు ముందు దాటితే వెళ్లే పని వాళ్లది. మనిషి దాటితే మాట ఇంట్లోనే ఆగిపోతుంది. మాట దాటితే మనిషి తన పని తను చూసుకోవచ్చు; మనసు మారితే దారిలో అందుకుని దాన్ని ఆపనూ వచ్చు.

ఊరు దీనికి ఏనాడో అలవాటు పడింది. పెళ్లి వంటకి వచ్చిన మేస్త్రీ శుభలేఖలు ఎన్ని పంచారని అడగడు, మనుషులు ఎందరొస్తారని అడుగుతాడు. మాటలు తినవు. మునిసిపాలిటీ సమావేశానికి మాటలు సరిపోతాయి, చేతులెత్తగలవు కాబట్టి. బ్యాంకు వాళ్లు మాత్రం మాటని హామీదారుగా ఒప్పుకోరు; ఒకసారి ఒప్పుకుని చూశారు. మొత్తం మీద బేరం గిట్టుబాటుగానే ఉంది. మొహం మీద రానని చెప్పడం అమర్యాద. రావడం శ్రమ. మాటని పంపితే రెండూ తప్పుతాయి.

ఎల్డర్ విట్లాక్ ఈ ఊరికి వచ్చినప్పుడు అతనికి పందొమ్మిదేళ్లు. అమెరికాలో బంగాళాదుంపలు పండించే ఇంట్లో పుట్టాడు. మోర్మన్ సంఘం కుర్రవాళ్లు చాలామంది లాగే రెండేళ్లు ఇల్లు వదిలి దేవుడి పని చెయ్యడానికి బయలుదేరాడు. ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం. మీసం సరిగా రాని పెద్దని చూసి సూరంపేట రెండు రోజులు నవ్వుకుని, తర్వాత ‘ఎల్డరు గారూ’ అని పిలవడం మొదలుపెట్టింది. అతనికి జోడీగా గుడివాడ కుర్రాడు ఎల్డర్ దయాసాగర్‌ని ఇచ్చారు. మిషనరీలు ఎప్పుడూ ఇద్దరుగానే తిరగాలి. ఒకరి కంటికి ఒకరు కనబడుతూ ఉండాలి. ఒకరు మంగలి షాపులో కూర్చుంటే రెండోవారు కూడా అక్కడే బల్ల మీద కూర్చోవాలి. తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల, చెరొక సైకిలు. తెల్లవారి లేచి చదువుకోవడం, పొద్దెక్కాక తలుపులు తట్టడం. టీ, కాఫీ ముట్టకూడదు. సోమవారం సెలవు, ఆ రోజు బట్టలు ఉతుక్కుని ఇంటికి ఫోను చేసుకోవచ్చు.

ప్రపంచంలో చాలా ఊళ్లలో మిషనరీల మొహం మీద తలుపు వేస్తారు. సూరంపేటలో ఒక్క తలుపూ వెయ్యలేదు. కుర్చీ వేశారు, ఫ్యాను తిప్పారు, టీ తాగరని తెలిసి మజ్జిగ ఇచ్చారు. వాళ్లిచ్చిన మత పుస్తకం తీసుకుని కళ్లకద్దుకుని దేవుడి గూట్లో మిగతా దేవుళ్ల పక్కన పెట్టుకున్నారు. ఆదివారం ప్రార్థనకి రమ్మంటే, “అయ్యో, ఎంత మాట. తప్పకుండా వస్తామండి,” అన్నారు.

మొదటి ఆదివారం ఎరువుల కొట్టు మీది హాలు నిండిపోయింది. గోడవారన కూడా నిలబడ్డారు. విట్లాక్ ఒక్కొక్కరికీ చెయ్యి కలిపాడు. చేతులు కాస్త చల్లగా, తూకం లేకుండా ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చున్నారు కదా అనుకున్నాడు. ప్రసాదంలా అందరూ తీసుకోవలసిన రొట్టెముక్కలు, నీళ్లు ఉన్న పళ్లేలు వరస వెంట వరస తిరిగి, వెళ్లినవి వెళ్లినట్టుగా వెనక్కి వచ్చాయి.

“ఎవరూ తీసుకోలేదేమిటి?” అని అడిగాడు.

“ఇవి మాటలు, ఎల్డర్,” అన్నాడు సాగర్. “మనుషులు ఇళ్ల దగ్గర ఉన్నారు. ఆదివారం కదా, చికెన్ వండుకుంటారు.”

“ఒక్క మనిషి కూడా లేడా?”

“మనిద్దరం ఉన్నాం.”

వారం వారం హాజరు చెప్పడానికి సంఘం ఆఫీసుకి ఫోను చేసినప్పుడు విట్లాక్ నిజమే చెప్పాడు. అవతలి గుమాస్తా కూర్చున్నారా నిలబడ్డారా అని అడిగాడు. కూర్చున్నారంటే సరే అన్నాడు. హాజరులో ఇబ్బంది లేకపోయింది. ఇబ్బంది బాప్తిస్మం దగ్గర వచ్చింది. అంత మంది వచ్చే ఊళ్లో ఒక్కరు కూడా నీళ్లలో దిగకపోవడం ఆఫీసుకి అర్థం కాలేదు. వానాకాలం లోగా ఒక్కరైనా దిగకపోతే హాలు ఖాళీ చేసి ఇద్దరినీ వేరే ఊళ్లకి మారుస్తామని చెప్పారు. విట్లాక్‌కి ఊరు మారడం పెద్ద బాధ కాదు. రెండేళ్లు ఇంటికి దూరంగా ఉండి, ఒక్క మనిషిని కూడా తేలేకపోయానని అమ్మతో చెప్పడమే బాధ. ఆవిడ ప్రతి సోమవారం అడిగేది, ఎవరైనా దిగారా అని. ఇంకా లేదని చెప్పేవాడు.

ఈలోగా అతనికి ఊరి భాష వచ్చింది, భాషతో పాటు మర్యాద కూడా వచ్చింది. గృహప్రవేశాలకి, ఓణీల ఫంక్షన్లకి, కొత్త ట్రాక్టరు పూజకి జనం పిలిచేవాళ్లు. రానని చెప్పడం మొదట్లో అతనికి తేలికే. తర్వాత అవతలివాళ్ల మొహాలు చూడలేక, “తప్పకుండా వస్తామండి,” అనడం నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం గదిలో బూట్లు విప్పుకుంటూ ఉంటే, తెల్లచొక్కా, పేరుబిళ్లతో తన మాట గడప దాటి, తన సైకిలు లాంటిదే పలచటి సైకిలెక్కడం చూశాడు. నియమం ప్రకారం సాగర్ మాట కూడా దాని వెనకే బయలుదేరింది. ఊళ్లో ఆ జోడీకి మంచి పేరొచ్చింది. అది పుస్తకం తియ్యదు, నవ్వుతూ కూర్చుంటుంది, ఫొటోలకి నిలబడుతుంది.

హాలుకి వచ్చే మాటల్లో ఒకటి మిగతావాటి లాగా ఉండేది కాదు. అది గ్రంధి సోమలింగం గారి మాట. సోమలింగం గారికి బజారులో ఇనప సామాన్ల కొట్టు ఉంది. ఆయన ఎప్పుడో ఒకసారి, “ప్రతి ఆదివారం తప్పకుండా వస్తానండి,” అనేశారు. అందుకని ఆయన మాట ప్రతి ఆదివారం వచ్చేది. ప్రార్థన అయ్యాక మిగతా మాటలు వెళ్లిపోతే ఇది ఉండిపోయి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేది. ఒక రోజు పేర్చడం ఆపి, “నేను నీళ్లలో దిగుతానండి,” అంది.

విట్లాక్ ఆఫీసుకి ఫోను చేశాడు. మాటలకి బాప్తిస్మం ఇవ్వకూడదని ఎక్కడా లేదన్నారు. సొంతంగా నిర్ణయించుకునే వయసు లేనివాళ్లకి పెద్దల అనుమతి తీసుకోవడం రివాజు కాబట్టి మాట యజమాని అనుమతి తీసుకోమన్నారు. ఇద్దరు సాక్షులుండాలి. మునిగేటప్పుడు పూర్తిగా మునగాలి. జుట్టు కొస తేలినా మళ్లీ ముంచాలి.

కొట్టుకి వెళ్లేసరికి సోమలింగం గారు మేకులు తూస్తున్నారు. భార్య సుభద్రమ్మ గారు ఆయనకి భోజనం క్యారేజీ తెచ్చి పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. సంగతంతా విని ఆయన మేకుల పొట్లం కట్టడం పూర్తి చేశారు.

“ఆయ్. పుణ్యం ఎవరి ఖాతాలో పడుద్దండి? నాకా, దానికా?”

“దిగినవాళ్లకే, సోమలింగం గారూ.”

“దానివల్ల నాకు నష్టం ఏవన్నా ఉందా? రేపు విజయవాడ హోల్‌సేలు ఆయనకి ఎల్లుండొస్తానంటే, ఇది వెళ్లకుండా మొండికేస్తుందా?”

విట్లాక్ ఆలోచించి, అబద్ధపు పనికైతే వెళ్లకపోవచ్చన్నాడు.

“పోన్లెండి, ఆయనా మాటనే పంపుతాడు. రెండూ కూర్చుని ఏం మాట్టాడుకుంటాయో మాకెప్పుడూ తెలీలేదు. లాభం లేదు, నష్టం లేదు. సంతకం పెడతాను.” పెన్ను తీశారు.

“నీళ్లలో ములిగాక ఇంటికి పంపుతారా బాబూ?” అని అడిగింది సుభద్రమ్మ గారు.

“ఎందుకే, నీకేంటి దాంతో?” అన్నారు ఆయన.

“మీరు రాత్రి భోజనానికి వస్తానంటారు, వచ్చేది అది. ఎదురుగా కూర్చుంటుంది. ఏం వండేవని అడుగుద్ది. నేనొక్కదాన్నే తింటున్నా బాగానే ఉంటుంది. మిమ్మల్ని అడిగేనా నేను? బాబుని అడుగుతున్నా.”

“పంపుతామండి,” అన్నాడు సాగర్.

సోమలింగం గారు సంతకం పెట్టి, మళ్లీ మేకుల మీదకి వంగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. “అది తేలుద్దండోయ్. దూదిలా ఉంటుంది.” లేచి తక్కెడ పక్కనున్న తూకపురాళ్లలో బరువైనవి రెండు తీసి సాగర్ చేతిలో పెట్టారు. “నడుంకి కట్టండి. పనయ్యాక రాళ్లు మాత్రం జాగ్రత్తగా పంపండి, రోజూ వాడేవి.”

బాప్తిస్మానికి ముందు అడగవలసిన ప్రశ్నలు హాలులో ఒక మూల కూర్చోబెట్టి అడిగారు.

“టీ తాగుతావా?”

“ఎప్పుడూ తాగలేదండి.”

“సారా, పొగాకు?”

“నాకు కడుపే లేదండి.”

“అబద్ధాలాడతావా?”

“నేను ఆడనండి. నన్ను ఆడేవాళ్లు వేరే ఉన్నారు.”

విట్లాక్ తర్వాతి ప్రశ్న మర్చిపోయాడు. సాగర్ అందించాడు. అన్నీ అయ్యాక మాట తనకి కూడా ఒకటి అడగాలని ఉందంది.

“నేను పుట్టినప్పటి నుంచీ మాటల మధ్యే కూర్చుంటున్నానండి. పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా పక్క కుర్చీలో మాటే. మనిషిగా నా కోసం ఎవరూ రాలేదు. శనివారం కాలువ దగ్గరికి మిగతావాళ్లు ఎలా వచ్చినా ఫర్లేదు. నన్ను ముంచేది మాత్రం మనిషి చెయ్యి అయితే చాలండి. మీరే వస్తారా?”

విట్లాక్ ఊరికి వచ్చాక ఇంత మనస్ఫూర్తిగా ఏ మాటా అనలేదు.

“తప్పకుండా వస్తాను,” అన్నాడు.

శనివారం పొద్దున్న ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఊరి బయట పంట కాలువ దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. గదిలో విట్లాక్ తెల్లబట్టలు వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. వారమంతా తలుపులు తట్టి కాళ్లు లాగుతున్నాయి. ఒంట్లో జ్వరం ఉందేమోనని నుదురు ముట్టుకుని చూసుకున్నాడు. లేదు. సాక్సు ఒకటి కనబడింది, రెండోది కనబడలేదు. వెతకడానికి వంగి, వంగినవాడు కాసేపు అలాగే ఉండిపోయాడు. తల ఎత్తేసరికి తన మాట రెండు సాక్సులూ వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, గడప దాటుతోంది. దాని వెనక సాగర్ మాట.

“ఇప్పుడే వెళ్లాయి,” అన్నాడు సాగర్ కిటికీ లోంచి చూస్తూ. “మలుపు దగ్గర అందుకోవచ్చు. సైకిళ్లున్నాయి కదా. అడ్డుకుంటే ఆగిపోతాయి.”

విట్లాక్ లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. బయట ఎండ చూశాడు. తర్వాత వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. సాగర్ ఒక నిమిషం నిలబడి, ఒకరికొకరు కనబడేలా ఉండాలన్న నియమం గుర్తొచ్చి, ఎదురు మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరికీ కాళ్లు తేలికపడ్డాయి. ఫ్యాను తిరుగుతోంది.

కాలువ దగ్గర సోమలింగం గారి మాట మోకాలి లోతు నీళ్లలో, నడుముకి రాళ్లు కట్టుకుని ఎదురుచూస్తోంది. గట్టు మీద సంఘమంతా వచ్చి కూర్చుంది. సైకిళ్లు ఆగాక విట్లాక్ మాట నీళ్లలోకి దిగి చెయ్యి చాచింది. చల్లగా, తూకం లేకుండా ఉన్న ఆ చేతిని సోమలింగం గారి మాట పట్టుకుని, వెంటనే గుర్తుపట్టింది. భుజం మీదుగా రోడ్డు వైపు చూసింది.

“ఆయన రాలేదాండి?”

“వస్తానన్నాడు,” అంది విట్లాక్ మాట.

“మనస్ఫూర్తిగా అన్నారా?”

“మనస్ఫూర్తిగానే.”

సోమలింగం గారి మాట ఇంకాసేపు రోడ్డు చూసింది. ఒక ఎడ్లబండి వచ్చి, వెళ్లిపోయింది.

“అయితే కానీండి,” అంది.

పూర్తిగా మునిగింది. రాళ్లు బాగా పనిచేశాయి. సాక్షులిద్దరూ చూశామన్నారు. నీళ్లు చెదరలేదు, గట్టు మీద ఎవరి బట్టలూ తడవలేదు. మధ్యాహ్నానికి రాళ్లు కొట్టుకి, మాట ఇంటికి చేరాయి. ఆ రాత్రి సుభద్రమ్మ గారు ఏం వండిందో అది అడగలేదట. ఎదురుగా కూర్చుందట, అంతే.

ఆఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. హాలు ఇంకో ఏడాది ఉంచుతామన్నారు. సోమవారం విట్లాక్ ఇంటికి వీడియో ఫోను చేస్తే, అవతల వాళ్లమ్మ ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. వాళ్ల నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి పేరేమిటని అడిగింది. సోమలింగం అని చెప్పాడు. మంచివాడా అని అడిగింది. చాలా మంచివాడు, అందరూ వెళ్లిపోయాక కుర్చీలు పేరుస్తాడు అన్నాడు.

“నువ్వే స్వయంగా ముంచావా?”

“నేనే, అమ్మా.”

పక్క మంచం మీద సాగర్ చొక్కాలు మడతపెడుతున్నాడు. తల ఎత్తలేదు.

“నీళ్లు చల్లగా ఉన్నాయా?”

“ముందు చల్లగా అనిపించాయి,” అన్నాడు విట్లాక్. “తర్వాత అలవాటైపోయింది.”