ఏడో నంబరు సీసా

ఆ రోజు లక్ష్మణసామి పెట్టుకున్న పని ఒకటే. ఎండ ముదిరేలోపల పడుగును వీధి పొడుగునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, చుట్టేయాలి. అది ఒక్కడి చేతిలో అయ్యేది కాదు. పన్నెండు మంది కావాలి. కోవిల్‌పట్టి చివరనున్న ఆ నేతవాళ్ల వీధిలో ఎవరి పడుగుకైనా అందరూ వచ్చి నిలబడతారు, పిలవాల్సిన పని కూడా లేదు. అతని భార్య రుక్మణి తెల్లవారకముందే గంజి కాచి దించింది. రెండు రోజుల్లో వాన అంటున్నారు. ఇవాళ పడుగు చుట్టకపోతే మగ్గం ఖాళీగా పడుంటుంది.

కొయ్యలు పాతి, పడుగు తెచ్చి, అరగంట నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఎప్పుడూ కొస పట్టే సోలైమలై తలుపు సందులోంచి చూసి, నడుము పట్టేసిందన్నాడు. పరమేశ్వరి ఇంట్లో ఆరుగురికీ ఒకేసారి జ్వరమట. టీ అంగట్లో అందరికీ గాజు గ్లాసు, అతనికి మాత్రం కాగితం కప్పు. లక్ష్మణసామి చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చి చూస్తే, అతను నీళ్లు తాగే చెంబును రుక్మణి సలసల కాగే నీళ్లలో ముంచుతోంది.

"ఏమ్మే, ఏం చేస్తుండావు?"

"వీధంతా చెప్పుకొంటుండారు. నీ కడుపులో పురుగుండాదంట. నీ గంజిలో చెయ్యి పెడితే అందరికీ అంటుకొంటాదంట."

జరిగింది ఇది. అతని కూతురి కూతురు బృంద విరుదునగర్‌లో ఒక కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేస్తోంది. మనుషుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియాను యాంటీబాడీతో పట్టి చూపడం ఆమె పని. అందుకని నెలకిందట ఈ వీధికి ఇరవై చిన్న సీసాలు తెచ్చింది. ఇరవై మంది తలా గోరంత మలం అందులో పెట్టి ఇవ్వాలి. ఏ నంబరు ఎవరిదో పరమేశ్వరి నోటుబుక్కులో రాసుకుంది. నిన్న బృంద ఆమెకు ఫోన్ చేసి, పంతొమ్మిది ఒకే మాదిరి ఉన్నాయి, ఏడో నంబరు ఒక్కటే వేరేగా ఉంది, ఆ మనిషిని ఇంకో సీసా ఇమ్మని చెప్పమంది. ఏడో నంబరు ఎవరో ఫోన్ పెట్టేలోపలే వీధికి తెలిసిపోయింది. వీధి సగానికి వచ్చేసరికి వేరేగా ఉన్నది పురుగైంది. వీధి చివరికి చేరేసరికి అది గంజిలో ఈదుతోంది.

లక్ష్మణసామి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గంజి కుండ ఎత్తి వీధి నడుమ కుమ్మరించాడు. చొక్కా తొడుక్కుని విరుదునగర్ బస్సెక్కాడు. అతను పళ్లు కొరికే చప్పుడుకు పక్కనున్నవాడు సాత్తూరులో సీటు మారాడు.

ప్రయోగశాలలో బృంద, ఆమె ప్రొఫెసర్ ఈశ్వరన్ సంతోషంగా కనిపించారు. అది చూసి అతనికి ఇంకా మండింది. బృంద అతన్ని కూర్చోబెట్టి, గుంటలు గుంటలుగా ఉన్న ఒక ప్లాస్టిక్ పలక చూపించింది. ఈ యాంటీబాడీ ఒకే ఒక రకం బ్యాక్టీరియాను పట్టుకుంటుంది, పక్కదాన్ని ముట్టదు. పట్టుకుంటే ఆ గుంట నీలంగా మారుతుంది. ఏడో గుంట ఒక్కటే నీలంగా ఉంది. ఆ బ్యాక్టీరియా చెడ్డది కాదు, మనుషుల కడుపులో మామూలుగా ఉండేదే. ఈ వీధిలోనే పంతొమ్మిది మందికి లేదు. ఇటువంటి వీధి ఇంకెక్కడా లేదని ఈశ్వరన్ వచ్చే వారం మదురై సభలో చెప్పబోతున్నాడు. ఏడో సీసాలో ఏదో బయటిది కలిసిపోయి ఉంటుంది, దాన్ని తీసేస్తే సరిపోతుందని ఆయన అన్నాడు.

"తీసేస్తారా? మోకాళ్ల నొప్పితో కూచొని, నా చేత్తో పట్టితిని. అది నాదే."

"కోపం వద్దు తాతా. మిగతా పరీక్షల్లో గూడా ఆ పంతొమ్మిదీ అచ్చం ఒకటే మాదిరి వస్తుండాయి. నీదే వేరే."

లక్ష్మణసామి ఆ పలకను మగ్గం మీది గుడ్డను చూసినట్టు వంగి చూశాడు.

"పంతొమ్మిది చీరెల్లో ఒకే తావున ఒకే తప్పుంటే, అది పంతొమ్మిది మగ్గాలది కాదు పాపా. ఒక్క మగ్గానిదే."

బృంద నవ్వు ఆగిపోయింది. మనుషుల్లో ఉండేది లేదంటే, అసలు అది మనిషిదే కాదేమో. పక్క గదిలో వేరే పరిశోధనకు తెప్పించిన యాంటీబాడీ ఉంది. అది పశువుల పేగుల్లో ఉండే బ్యాక్టీరియాను పట్టుకుంటుంది. అది తెచ్చి కొత్త పలకలో పోసింది. మూడు గంటలు కాచుకున్నారు. పంతొమ్మిది గుంటలు నీలమయ్యాయి. ఏడోది తెల్లగా ఉండిపోయింది. ఈశ్వరన్ కుర్చీ వెతుక్కున్నాడు.

ఆ వీధిలో ఆవు ఉన్నది గురువమ్మాళ్ ఒక్కతెకే. పొద్దు గుంకే వేళకు లక్ష్మణసామి ఆమె వాకిట్లో నిలబడ్డాడు. పక్కవాకిట్లో రుక్మణి చెంబు పట్టుకుని చూస్తోంది. గురువమ్మాళ్ దాచలేదు.

"కన్నెపిల్ల చేతిలో ఆ అసింగం పెట్టేదెట్లన్నా, పాపం కాదా? ఆవు పేడంటే లచ్చిమి, వాకిట్లో చల్లేదే కదా. అందుకని అందరికీ నేనే నింపి ఇస్తిని. నీకు చెప్పలే. చెప్తే అరుస్తావని."

"అందరికీ అంటే?"

గురువమ్మాళ్ అతని భుజం మీదుగా పక్కవాకిలి వైపు చూసింది. రుక్మణి ఆ చెంబును మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

లక్ష్మణసామి పెళ్లాంతో మాట్లాడటం మానేశాడు. ఆమెకు తేడా తెలియడానికి మూడు రోజులు పట్టింది.

ఆవు సంగతి బయటపడ్డ మరునాడు మాత్రం పిలవకుండానే పడుగు దగ్గరికి ముప్పై మంది వచ్చారు. సోలైమలై నడుము కుదుటపడింది. పరమేశ్వరి ఇంట్లో ఆరుగురి జ్వరమూ ఒకేసారి దిగింది. రుక్మణి కొత్తగా కాచిన గంజిలో అందరూ మోచేతుల దాకా చేతులు ముంచారు. లక్ష్మణసామి ఒక్కరి మొహమూ చూడలేదు.

ఈశ్వరన్ మదురైకి పోలేదు. బృంద అచ్చువేసిన కాగితం ఒకటి తాతకు పంపింది. పరీక్షకు వచ్చిన సీసాలు ఇరవై, వాటిలో తేలినవి మనిషి ఒకటి, ఆవు ఒకటి అని అందులో ఉంది. లక్ష్మణసామి దానికి అద్దం కట్టించి, వీధిలోకి కనిపించేటట్టు మగ్గం గది గోడకు తగిలించాడు.

ఆ తరువాతి నెలలో లెక్కలు రాసుకునే సర్కారు మనిషి వచ్చి, ఈ వీధిలో మనుషులు ఎందరున్నారని అడిగితే, లక్ష్మణసామి మగ్గంలో దారం నడిపే నాడె ఆపకుండా గోడ మీది కాగితం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.