కళ్లద్దాలాయనకు దొరికిన అక్క

ఆ ఉదయం కళ్లద్దాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. తన కళ్లజోళ్ల షాపు తెరిచేలోగా ఒక చిన్న గొట్టంలో గీత దాకా ఉమ్మి, మూత బిగించి, పోస్టులో వేయాలి. ఆయన పసిగుడ్డుగా ఉన్నప్పుడే దత్తత వెళ్లిన మనిషి. పెంచినవాళ్లు ఏ లోటూ చేయలేదు. వాళ్లిద్దరూ పోయాక మాత్రం, తన పోలికలున్నవాళ్లు లోకంలో ఒక్కరైనా ఉన్నారేమో చూడాలన్న కోరిక పట్టుకుంది. దత్తత వెళ్లినవాళ్లకు ఉచితంగా డీఎన్ఏ పరీక్ష చేయించి, అయినవాళ్లను వెతికిపెట్టే సేవాసంస్థ ఒకటి ఉందని విని ఫోన్ చేశాడు. వాళ్లు గొట్టం పంపారు.

"ఎందుకొచ్చిన గొడవ నాయనా? తవ్వుకుంటూ పోతే ఏం బయటపడుతుందో ఏమో!" అంది అత్తగారు. ఆవిడ కొడుకుతో సహా కూతురింట్లోనే ఉంటోంది. అల్లుడు మంచివాడేననీ, కాకపోతే వెనకా ముందూ తెలియనివాడనీ ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పడం ఆవిడకు అలవాటు.

తీరా గొట్టం చేతిలోకి తీసుకునేసరికి ఆయన నోరు ఎండిపోయింది. బాత్రూంలో అద్దం ముందు ఎంత తంటాలు పడినా నాలుగు బుడగలు తప్ప ఏమీ రాలేదు. ఇంతలో ఫోన్ మోగింది. సేవాసంస్థలో పనిచేసే రిటైర్డ్ టీచరమ్మ.

"ఉమ్మారా?"

"ప్రయత్నిస్తున్నానండీ. రావట్లేదు."

"రాకపోవడమేంటండీ? పుల్లటిదేదైనా తల్చుకోండి!"

ఆయన గొట్టాన్ని సింకు పక్కన పెట్టి, ముందుగదిలో పచార్లు చేస్తూ తెలిసిన పులుపులన్నీ తల్చుకున్నాడు. తిరిగి వెళ్తుంటే బావమరిది పళ్లు తోముకుని బయటికొస్తూ, ఎప్పుడూ లేనిది, "గుడ్ మార్నింగ్ బావా" అన్నాడు. లోపల గొట్టం గీత దాకా నిండి ఉంది. నురుగు దిగితే ఇంత ఉందన్నమాట అనుకుని కళ్లద్దాలాయన మురిసిపోయి మూత బిగించాడు.

కొన్ని వారాలకు టీచరమ్మ షాపుకే ఫోన్ చేసింది.

"మీకు అక్క దొరికిందండీ! తల్లి ఒకరే, తండ్రి వేరు. ఆవిడా మీలాగే దత్తత వెళ్లినావిడ. ఎన్నాళ్లనుంచో వెతుకుతోంది."

ఎదురుగా కూర్చున్న ముసలాయనకు కళ్లజోడు తలకిందులుగా తగిలించి, కళ్లద్దాలాయన కౌంటరు వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే అక్కతో ఫోన్లో మాట్లాడి ఆదివారం భోజనానికి రమ్మన్నాడు. అక్కకు తన చేత్తోనే వండిపెడతానని పట్టుబట్టి, భార్యను వంటింట్లోకి రానివ్వలేదు.

ఆదివారం బెల్ మోగింది. గుమ్మంలో ఒకావిడ చేతిసంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. కళ్లజోడు ముక్కు చివరకు జారిపోతుంటే వేలితో పైకి తోస్తోంది.

"అక్కా..." అనబోయి కళ్లద్దాలాయన ఆగిపోయాడు. ఏ ఫ్రేమూ నిలవని ముక్కు వృత్తిలో ఆయనకు ఒక్కటే తగిలింది, అత్తగారిది. దానికి ఎన్ని ఫ్రేములు మార్చాడో ఆయనకే తెలుసు. ఆ ముక్కు ఇప్పుడు ఆయన భుజం మీదుగానే తొంగి చూస్తోంది.

భార్య వచ్చినావిడను చూసింది, తల్లిని చూసింది, చివరికి మొగుణ్ణి చూసి గోడకు అతుక్కుపోయింది.

"అచ్చం అమ్మే! ఈవిడా మీరూ ఒక తల్లి పిల్లలైతే... అయ్యో, నా దగ్గరికి రాకండి! ఇన్నేళ్లూ ఏమండీ ఏమండీ అని పిలిచి, ఇప్పుడు అన్నయ్యా అనాలా?"

"ఉండవే, కంగారు పడకు..."

"అమ్మా, నిజం చెప్పు! ఈయన్ని నువ్వు కన్నావా?"

"నోర్మూసుకో! ఈయన్ని నేనెందుకు కంటాను? నేనిచ్చేసింది ఆడపిల్లని!"

ఆ మాట నోరు దాటాక అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. వెనక నుంచి బావమరిది దగ్గాడు.

"బావా... ఆ రోజు బ్రష్ తీస్తుంటే చెయ్యి తగిలి నీ గొట్టం సింకులో పడిపోయింది. తిడతావని కడిగేసి, నేనే నింపేశాను."

"నింపేశావా?"

"గీత దాకా."

అత్తగారికి అవేవీ వినపడలేదు. గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

"పెళ్లికి ముందు సంగతి. ఒక్కసారి ఎత్తుకుంటానంటే కూడా ఇవ్వలేదు నాకు. ఏడుపు మాత్రం విన్నాను."

"నేనేమీ అడగడానికి రాలేదండీ," అంది వచ్చినావిడ. "ఒక్కసారి చూసి వెళ్లిపోతానండీ."

"తల్లిని పట్టుకుని అండీ ఏమిటే! లోపలికి రా ముందు!" అని కసురుకుంటూ అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. మరి వదల్లేదు.

కళ్లద్దాలాయన వంటింట్లోకి వెళ్లి, అక్క కోసం వండిన కూర గిన్నె మీద మూత సర్దాడు. భార్య వెనకే వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"టీచరమ్మకు ఫోన్ చేశాను. ఇంకో గొట్టం పంపిస్తారట. ఈసారి గడియ పెట్టుకుని ఉమ్మమన్నారు."

"ముందు అన్నం వడ్డించు. వదినగారు ఆకలితో ఉంటారు," అన్నాడాయన.

అందరూ భోజనానికి కూర్చున్నారు. వదినగారు తల్లి పక్కనే కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లజోడు పైకి తోసుకుంది.

"మరిదిగారూ, ఏమీ అనుకోకండి. కూరలో ఉప్పు పడలేదు, అన్నం కాస్త మెత్తబడింది. అసలు మీరు వంటింట్లోకి ఎందుకెళ్లారు?"

అక్క కోసం వెతికితే తనకు దొరికింది రెండో అత్తగారని కళ్లద్దాలాయనకు అప్పుడు అర్థమైంది.