ఏడో ప్లేటు

పొద్దున్నే కొట్టుకి తాళం వేసి బైండరు ఆస్పత్రికి బయల్దేరాడు. పుస్తకాలకి అట్టలు కట్టే ఈ పెద్దమనిషిని వీధంతా బస్తా అంటుంది. పైగా "కాస్త నోరు కట్టుకోవచ్చుగా!" అని ఉచిత సలహా ఒకటి. తన లావు పుట్టుకతో వచ్చిందని డాక్టరు చేత రాయించి, ఆ కాగితం కొట్టులో వేలాడదీయాలని ఆయన పంతం.

జన్యువుల పరీక్షకి రక్తం తీసుకుని, అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఒళ్ళు ఎంత శక్తి ఖర్చు చేస్తోందో ఊపిరిని బట్టి ఆ గదే లెక్క కడుతుందట. కదలకూడదు. కడుపు నిండేదాకా తినాలి.

మొదటి ప్లేటుకే కడుపు నిండింది. ఖాళీ ప్లేటు తీసుకుంటూ నర్సు, "ఇంకొంచెం పెట్టమంటారా?" అంది.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. ఆ మాట మళ్ళీ వినడం ఇదే. బైండరు "పెట్టండమ్మా," అన్నాడు.

మూడో ప్లేటుకి నర్సు కంగారుపడి డాక్టరుని పిలిచింది. నాలుగోదానికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ నాన్నగారూ ఇంతే తినేవారా? తాతగారో?" అని అడిగాడు. తనవాళ్ళ గురించి ఒకరు అడిగి ఎన్నాళ్ళయిందో! ఐదోదానికి పెద్ద డాక్టరు వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ బైండరు లేచి నిలబడి నమస్కారాలు పెట్టాడు. దాంతో శక్తి లెక్క కూడా చుక్కలనంటింది.

"అంత తిండి, అంత ఖర్చు! ఇలాంటి ఒళ్ళు నేనెక్కడా చూడలేదయ్యా!" అన్నారు పెద్ద డాక్టరు. ఆయన చిందులు వెయ్యడమొక్కటే తక్కువ. ఆరోదానికి అద్దం ముందు జనం పోగయ్యారు. పక్క గదుల్లో రోగులకి తిండి లేకుండా పోయింది. ఏడోది మింగుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ, ఇంతమంది చూస్తుంటే ఎలా ఆపుతాడు?

పదిరోజులకి రక్తం ఫలితం వచ్చింది.

"మీ ఒళ్ళు శక్తిని పొదుపుగా వాడుతుందండీ. అందులో జన్యువుల చెయ్యి ఉంది," అన్నాడు డాక్టరు. "ఆకలి మాత్రం అందరిలాంటిదే. మరి ఏడు ప్లేట్లు ఎందుకు తిన్నారు?"

"నర్సమ్మ అడిగారండీ."

డాక్టరు కాసేపు కలం కొరికి, 'అతిగా తినడానికి కారణం' అన్నచోట 'ఇతరములు' అని రాశాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"ఇక అక్కర్లేదండీ."

బైండరు ఆ కాగితానికి గట్టి అట్ట కట్టి కొట్టులో వేలాడదీశాడు. ఇతరములంటే ఏమిటని ఎవరైనా అడిగితే చెబుదామని రోజూ కాచుకుని కూర్చుంటాడు.

ఇంతవరకూ ఎవరూ అడగలేదు.