మా డాబా మీద రాకెట్టూ మామిడి తాండ్రా

మన జనానికి అంతరిక్షం మీద ప్రేమ ఎంతకాలం నిలుస్తుందో నేను లెక్కగట్టి చెప్పగలను. పదకొండు రోజులు. పన్నెండో రోజున చంద్రుడు ఆయన దారిన ఆయన పోతాడు, మనవాళ్ళు క్రికెట్ చూసుకోవడానికి పోతారు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నా పేరు శాంతికుమార్, కొవ్వూరులో సైన్సు మాస్టారిని. మన నౌక చంద్రుడి మీద దిగిన సాయంత్రం చర్చి హాల్లో పెద్ద తెర కట్టించింది నేనే. హాలు చాలక జనం కిటికీలకు వేలాడారు. నౌక దిగగానే మా స్కూలు లెక్కల మాస్టారు ఎజ్రా వెక్కివెక్కి ఏడ్చాడు. మా వీధి చివరి రైతు దొరబాబు పెద్ద దండ తెచ్చి, ఎవరికి వెయ్యాలో తెలీక నా మెడలో వేశాడు. చంద్రుడి మీద దిగింది నేనే అన్నంత ఠీవిగా ఇంటికి నడిచాను.

ఆ ఊపులో టెలిస్కోపు కొన్నాను. దాన్ని డాబా మీద నిలబెట్టి, "ఈ క్షణం నుంచి ఇది అబ్జర్వేటరీ. ఇక్కడ బట్టలు, వడియాలు, తాండ్ర నిషేధం" అని మా ఆవిడ ఆశాజ్యోతికి ఆర్డరు జారీ చేశాను. ఆవిడది ఆత్రేయపురం. మామిడిరసం చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడితే తప్ప ఆవిడకు వేసవి వచ్చినట్టే ఉండదు.

మొదటి వారం డాబా మీద ముప్పై మంది. రెండో వారం ముగ్గురు. మూడో వారం ఎదురింటి సంపూర్ణమ్మగారు ఒక్కరే వచ్చి, వాళ్ళాయన రాజమండ్రిలో ఎక్కిన రైలు వంతెన మీదకు వచ్చిందేమో చూసిపెట్టమన్నారు. చూశాను. నా టెలిస్కోపులో రైలు తలకిందులుగా కనిపిస్తుంది గానీ శుభ్రంగా కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత దానితో నేను చూసింది కూడా రైళ్ళనే.

రెండు వేసవులు మా ఆవిడ ఓర్చుకుంది. ఈ మే నెలలో ఓర్పు అయిపోయింది.

"ఏవండీ, ఆ గొట్టం తీసి కింద పెట్టండి. రసాలు ముగ్గాయి, చాపలు పరుచుకోవాలి."

"గొట్టమా! అది సైన్సు, ఆశా!"

"సైన్సు మీద కాకులు వాలుతున్నాయండి. మీరు దాంట్లో చూసి ఎన్నాళ్ళయింది?"

"జనానికి ఆసక్తి చచ్చిపోతే నేనేం చెయ్యను?"

"నేనడిగింది జనం సంగతి కాదండి."

నాకు రోషం వచ్చింది. "వచ్చే ఆదివారం సాయంత్రం అయిదున్నరకు శ్రీహరికోటలో రాకెట్ ఎగురుతోంది. ముప్పై మందిని పిలిచి ఇక్కడే లైవ్ చూపిస్తాను. చూపిస్తే డాబా నాది. లేకపోతే నీది" అన్నాను.

"ఊరికే వచ్చి పోతే కుదరదండి. ఎగిరేదాకా అందరూ కూర్చుని చూడాలి. మీతో సహా."

"నాతో సహానా? నేను చూడకపోవడమేంటి!"

"అయితే సరేనండి" అని ఆవిడ మామిడిపళ్ళ బుట్ట దగ్గరికి వెళ్ళిపోయింది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

మర్నాడు పిలుపులకు బయల్దేరాను. ఆనాడు ఏడ్చిన ఎజ్రా మాస్టారు, "మళ్ళీనా మాస్టారూ? ఒకసారి దిగాం కదండి!" అన్నాడు. ఏటా ముప్పై పెళ్ళిళ్ళకు వెళ్ళే మనిషి. నిరుడు ఒకటి చూశాం కదా అని ఏ పెళ్ళీ మానేసిన పాపాన పోలేదు.

టైలరు బేబీ కుట్టుమిషను ఆపకుండానే అడిగింది. "రాకెట్లో మనుషులుంటారాండి?"

"ఉండరు."

"పేలే చాన్సుందాండి?"

"లేదు."

"మరింకేం చూస్తామండి!"

దొరబాబయితే మొహం మీదే అనేశాడు. "అది ఎగిరితే నా చేలో నాలుగు గింజలు ఎక్కువ పండుతాయాండి?"

చూశారా? వీళ్ళకు అంతరిక్షమంటే తిరునాళ్ళు. రంగులరాట్నం కొత్తగా వచ్చినప్పుడు ఎగబడతారు, రెండోసారి తిరిగితే ఆవలిస్తారు. ఇలాంటివాళ్ళను దారికి తేవడానికి తెలివి వాడక తప్పదనుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరాధనలో పాస్టరు విజయ్ పాల్ గారు ప్రకటనలు చదివే ముందు ఆయన చేతిలో చీటీ పెట్టాను. ఆయన చదివారు: "ఈ సాయంత్రం అయిదు గంటలకు శాంతికుమార్ మాస్టారి డాబా మీద కృతజ్ఞతా కూడిక. అందరూ ఆహ్వానితులే."

దేనికి కృతజ్ఞత అని ఒక్కరూ అడగలేదు. మా సంఘంలో కృతజ్ఞతా కూడిక అంటే చివర్లో బిర్యానీ అని ఉయ్యాల్లో పిల్లకు కూడా తెలుసు. రాకెట్ చూసి మైమరచి బిర్యానీ సంగతి మరిచిపోతారులే అనుకుని, నేను టీ, బిస్కెట్లు మాత్రమే సిద్ధం చేశాను.

అయిదింటికల్లా నలభై రెండు మంది వచ్చారు, బైబిళ్ళతో, పాటల పుస్తకాలతో. బిర్యానీ కబురు చర్చికి రానివాళ్ళకూ చేరినట్టుంది, దొరబాబు, సంపూర్ణమ్మగారు కూడా వచ్చారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, "దేన్ని బట్టి కృతజ్ఞత, మాస్టారూ?" అన్నారు.

"ఆకాశ మహాకాశాలను బట్టి అయ్యగారూ" అని టీవీ ఆన్ చేశాను.

టీవీలో కౌంట్‌డౌన్ జోరుగా నడుస్తోంది. నేను గర్వంగా మా ఆవిడ వైపు చూశాను. సరిగ్గా ఎనిమిది నిమిషాలున్నాయనగా గడియారం ఆగిపోయింది. ఏదో కవాటం సరిచూస్తున్నారట.

పావుగంట గడిచింది. దొరబాబు మంచినీళ్ళ వంకతో కిందికి వెళ్ళి వంటింట్లోకి తొంగిచూసి, పైకొచ్చి చిన్న గొంతుతో చెప్పాడు. "పొయ్యి వెలగలేదండి."

ఆ కబురు చాపల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకింది. ఎజ్రా మాస్టారు చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. బేబీ లేచింది. నా డాబా నా కళ్ళ ముందే ఖాళీ కాబోతోంది.

వంటింటి గుమ్మం దగ్గర మా ఆవిడను పట్టుకున్నాను. "ఆశా, పరువు పోతోంది! ఏదైనా వండు!"

"నలభై మందికి నిలబడ్డ పళాన ఏం వండనండి? చీటీ రాసినప్పుడు చెప్పారా?"

"అయితే హోటలుకెళ్ళి పట్టుకొస్తాను. నేనొచ్చేదాకా ఒక్కరినీ కదలనివ్వకు!"

"అలాగేనండి. మీరు నిదానంగా వెళ్ళిరండి" అంది ఎంతో ప్రేమగా.

స్కూటరు మీద బస్టాండు దగ్గరి హోటలుకు ఎగిరాను. వాడు పొట్లాలు కట్టడానికి అరగంట పట్టింది. నాలుగు సంచులు తగిలించుకుని రొప్పుతూ మెట్లెక్కేసరికి డాబా మీద చప్పట్లు! కవాటం సరిచేసి, నేను లేనప్పుడే రాకెట్‌ను ఎగరేసేశారు. ఎజ్రా మాస్టారు మళ్ళీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. అందరి నోళ్ళలో తాండ్ర. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చి దాచుకున్న డబ్బా విప్పి, ఎగిరేదాకా కూర్చున్నవాళ్ళకే రెండో ముక్క అందట.

"నలభై రెండు మంది! అందరూ ఎగిరేదాకా చూశారు. నేను గెలిచాను!" అన్నాను సంచులు దించకుండానే.

"అందరూ చూశారండి. ఒక్కరు తప్ప" అంది.

"ఎవరా దౌర్భాగ్యుడు?"

నలభై రెండు మందీ నా వైపే చూశారు.

"అది పోనివ్వండి. ఇంతకీ ఆ రాకెట్ ఏం మోసుకెళ్ళిందండి?" అని మా ఆవిడ అడిగింది.

"ఉపగ్రహం."

"ఎందుకు పనికొచ్చేది?"

నాకు తెలీదు. తెలుసుకోవాలని తోచనే లేదు. పాస్టరుగారి వైపు చూశాను. ఆయన బిర్యానీ సంచుల వైపు చూస్తున్నారు.

"మబ్బుల్ని కనిపెట్టేదటండి. వాన ఎటు నుంచి వస్తుందో ముందే చెబుతుందట. టీవీలో నాలుగుసార్లు చెప్పారు" అంది మా ఆవిడ.

దొరబాబు నోట్లో తాండ్ర మింగి నిలబడ్డాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండి మాస్టారూ! కోతల్లో వానపడి నా ధాన్యమంతా తడిసిపోయిందండి. ఇలాంటిదని తెలిస్తే బిర్యానీ లేకపోయినా వచ్చేవాణ్ణండి."

నాకు సిగ్గేసింది. మూడేళ్ళుగా ఊరందరినీ తిట్టుకుంటున్నాను గానీ, నాకు మిగిలిన ప్రేమ చంద్రుడి మీద కాదు, ఆనాటి దండ మీద.

మర్నాడు మా ఆవిడ డాబా నిండా చాపలు పరిచింది. కాకులు వాలకుండా పాత చీర అడ్డం కడుతూ, ఒక కొస నా టెలిస్కోపుకే ముడేసింది. స్కూలుకు సెలవులు కాబట్టి కాపలా డ్యూటీ నాకు పడింది.

మధ్యాహ్నం కింద నుంచి కేకేసింది. "ఏవండీ, మబ్బేమైనా పడుతోందాండి?"

కొవ్వూరు సైన్సు మాస్టారు ఇన్నాళ్ళకు మళ్ళీ తలెత్తి ఆకాశాన్ని శ్రద్ధగా చూశాడు. "లేదు, ఆశా. ఇంకో పొర పొయ్యచ్చు."