పిండని గుడ్డలు

తాతయ్యతో వచ్చిన చిక్కల్లా ఆయనకు చెడ్డ అలవాటు ఒక్కటీ లేకపోవడమే. ఏదో ఒకటుంటే దాని పేరు చెప్పుకునైనా కాసేపు వీధిలోకి వెళ్లేవారు, ఇల్లు ఊపిరి పీల్చుకునేది. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. మెషిన్లలో తప్పులు పట్టిన కళ్లకు పని లేక, తలుపు కిర్రుమంటే ఎందుకు కిర్రుమంది, గ్యాస్ మంట పసుపుగా ఎందుకుంది అని ఇంటి వెంట పడ్డారు. పట్టిన తప్పును కడుపులో దాచుకునే గుణం అసలే లేదు. ఎదురింటాయన కొత్త కారు కొని మురిసిపోతుంటే, ఎడమ తలుపు నూలుపోగంత కిందికి దిగిందని చెప్పి, ఆ ఇంటితో మాటలు పోగొట్టుకొచ్చారు. అందుకే నానమ్మ ఎవరి దగ్గరైనా ఏదైనా దాచగలదు గానీ, ఆయన దగ్గర దాచడమంటే ఆవిడకు ప్రాణసంకటం.

ఆ సోమవారం పొద్దున సరిగ్గా ఆ ప్రాణసంకటమే మొదలైంది. కాన్పు సెలవు అయిపోయి కోడలు ఆఫీసుకు బయల్దేరింది. పాపను నానమ్మ చూసుకోవాలి. ఎప్పుడు చూసినా మూతి ముడుచుకునే ఉంటుంది కాబట్టి ఆ పాప ఇంట్లో అందరికీ బుంగమూతి.

"ఒక వారం చూద్దాం అత్తయ్యా. కష్టమనిపిస్తే మొహమాటపడకండి, మా ఆఫీసు పక్కనే పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉంది," అంది కోడలు చెప్పులేసుకుంటూ.

మంచి మనసుతో అన్న మాటే. కానీ క్రెష్ అన్న ముక్క నానమ్మ గుండెలో ముల్లులా దిగింది.

ఎందుకంటే కష్టం అక్కడే కాచుక్కూర్చుంది. పాప పుట్టిన కొత్తలో కోడలు డైపర్ల ప్యాకెట్ తెస్తే, నానమ్మ దాన్ని పాము చుట్టను చూసినట్టు చూసి వెనక్కి పంపించేసింది. పసి ఒంటికి పాత నూలు దుప్పటి గుడ్డను మించిన మెత్తనిది ఏముంది, గాలాడొద్దా, తన కొడుకు గుడ్డల్లోనే పెరిగాడు, వాడికేం తక్కువైందని నిలదీసింది. కోడలు భర్త వంక చూసింది. అబ్బాయి ఎప్పటిలాగే తల్లి వైపూ, భార్య వైపూ, రెండు వైపులా తలూపాడు. పెద్దవాళ్ల బట్టలు తిరిగే వాషింగ్ మెషిన్‌లో పసిదాని గుడ్డలు వేయకూడదనే నిబంధన కూడా నానమ్మదే. ఇంతటితో ఆగినా బాగుండేది. వీధి చివర మెడికల్ షాపులో డైపర్లు కొంటున్న ఒక పిల్లతల్లిని పట్టుకుని గుడ్డల గొప్పతనం మీద ఉపన్యాసమిచ్చింది. షాపతను చేతులు కట్టుకుని విన్నాడు. ఆ పిల్లతల్లి ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

ఇన్నాళ్లూ సిద్ధాంతం నానమ్మది, పిండడం కోడలిది. సోమవారం మొదటి గుడ్డ పిండగానే నానమ్మ మణికట్టులో పిన్నీసులు గుచ్చినట్టయింది. రెండో గుడ్డకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోది బకెట్లోనే వదిలేసి, పాప పక్కన తాతయ్యను కాపలా పెట్టి, మెడికల్ షాపుకు నడిచింది.

"డైపర్లు ఒక ప్యాకెట్," అంది గొంతు బాగా తగ్గించి.

"చంటిపాపకా పిన్నిగారూ?" మామూలుగానే అడిగాడతను. ఆ మామూలు గొంతులోనే నానమ్మకు తన ఉపన్యాసమంతా వినబడింది.

"ఛ ఛ. మా ఆయనకి."

అతని మొహం మెత్తబడిపోయింది. పెద్ద ప్యాకెట్ తీసి, పేపర్లో చుట్టి, పైన నల్ల కవరు తొడిగి, రెండు చేతులతో అందించాడు. "ఈ వయసులో మామూలేనండీ," అన్నాడు.

ఇంటికొచ్చి విప్పితే ఒక్కోటి దిండు గలీబంత ఉంది. బుంగమూతిని అందులో నిలబెడితే గడ్డం దాకా వస్తుంది. నానమ్మ కుట్టుపని వచ్చిన మనిషి. మధ్యలో మెత్తటి భాగాన్ని పాప కొలతకు కత్తిరించి, దూది రాలకుండా అంచులు కుట్టి, గుడ్డ మడతలో పెట్టి కట్టింది. పైకి చూస్తే గుడ్డే. లోపల ఏముందో బుంగమూతికి తెలుసు గానీ దానికింకా మాటలు రావు. ఇక రోజూ సాయంత్రం శుభ్రమైన గుడ్డల్నే బకెట్లో ముంచి, అలాగే తీసి తీగ మీద వేసేది. కోడలు వచ్చేసరికి పెరడంతా గుడ్డలే.

బుధవారం అబ్బాయి తలనొప్పి మాత్రల కోసం అదే షాపుకు వెళ్లాడు. షాపతను పక్కకు పిలిచి, నాన్నగారికి ఎలా ఉందని అడిగి, పాపం పిన్నిగారు ఒక్కరే మోస్తున్నారు, మీరూ కాస్త పట్టించుకోవాలి అని సున్నితంగా చీవాట్లు పెట్టాడు. అబ్బాయి మాత్రలు మరిచిపోయి, తలనొప్పి పెంచుకుని ఇంటికొచ్చాడు.

మర్నాటికల్లా తాతయ్య బతుకు మారిపోయింది. కోడలు రెండో కాఫీ ఆపేసింది. బాత్రూం దారిలో ఉన్న కుర్చీలన్నీ మాయమయ్యాయి. సోఫాలో ఆయన కూర్చునే చోట అబ్బాయి ప్లాస్టిక్ షీటు పరిచి, పాప కోసమన్నాడు. చెవులు శుభ్రంగా వినబడే మనిషితో అందరూ ఒక్కో మాటా ఒత్తి ఒత్తి మాట్లాడసాగారు.

నానమ్మకు సంగతి అర్థమైంది. నిజం చెబితే పాప క్రెష్‌కు పోతుంది, చెప్పకపోతే మొగుడి పరువు పోతోంది. విచిత్రమేమిటంటే, తలుపు కిర్రుమంటేనే ఊరుకోని మనిషి ఆ షీటు మీద కిమ్మనకుండా కూర్చుని పేపరు చదువుకున్నారు. కదిలినప్పుడల్లా షీటు మాత్రం కరకరమంది.

ఆదివారం పొద్దున కోడలు గొంతు సవరించుకుంది. "అత్తయ్యా, రేపట్నుంచి పాపను క్రెష్‌లో వేద్దామనుకుంటున్నాం."

నానమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "నేనేం తక్కువ చేశానమ్మా?"

"తక్కువని కాదు. మీరొక్కరూ ఇద్దర్ని ఎలా చూసుకుంటారు?" మామగారి వైపు చూడకూడదనుకుంటూనే చూసింది కోడలు.

తాతయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. నానమ్మ కళ్లు మూసుకుంది. ఇప్పుడాయన పట్టిన తప్పు బయటపెడతారు, అంతే.

"ఆ డైపర్లు నావే," అన్నారు తాతయ్య. "నా తిప్పలు నేను పడతాను. పిల్లని మాత్రం ఇంట్లోనే ఉంచండి."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన అబద్ధమాడగా నానమ్మ వినలేదు. విన్నాక ఇక కూర్చోలేకపోయింది. లోపలికెళ్లి బుంగమూతిని తీసుకొచ్చి, సోఫాలో ఆ ప్లాస్టిక్ షీటు మీదే పడుకోబెట్టి, గుడ్డ ముడి విప్పి చూపించింది.

"ఆయనవి కావు. ఇదిగో, దీనివి."

అబ్బాయి నోరు తెరిచాడు. కోడలు వంగి దగ్గరగా చూసింది. "అంచులు కూడా కుట్టారా అత్తయ్యా?"

"దూది రాలుతుందని," అంది నానమ్మ చిన్న గొంతుతో. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారమే. పిండిన గుడ్డ చుక్కలు చుక్కలుగా కారుతుంది. నువ్వారేసినవి కుళాయి తిప్పినట్టు కారాయి. చేతులు నొప్పని నువ్వే చెప్తావని చూశాను."

"మరి షాపతను మిమ్మల్ని ఏమీ అడగలేదూ?"

"అడిగాడు. సైజు సరిపోతోందా బాబాయిగారూ అన్నాడు. కాస్త వదులుగా ఉందన్నాను."

కోడలు నవ్వింది. నవ్వుతూనే అత్తగారి రెండు మణికట్లూ తన చేతుల్లోకి తీసుకుంది. ఎంత మెల్లగా పట్టుకున్నా నానమ్మ నొప్పికి ఉలిక్కిపడింది, అప్పుడు నవ్వు ఆగిపోయింది. మీ మీద బరువు వేస్తున్నానేమోనని నేను క్రెష్ అన్నాను గానీ, ఆఫీసులో కూర్చుంటే పాప మీ చేతుల్లో ఉందన్న ధైర్యమే నాకు, అంది. క్రెష్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పగలు పాప సైజు డైపర్లు, కోడలు ఆఫీసు దగ్గర్నుంచే తెస్తుంది. సాయంత్రాలు గుడ్డలు, పిండేది అబ్బాయి. అబ్బాయి రెండు వైపులా తలూపబోతే, కోడలు ఒక్క వైపుకే ఊపించింది.

నానమ్మ పాపకు మళ్లీ గుడ్డ కడుతూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "ఆ డైపర్ల గురించి నేనన్నది తప్పు."

"ఏమన్నావు?" అన్నారు తాతయ్య.

"వినబడింది కదా."

"వినబడింది. ఇంకోసారి వినాలనుంది."

"తప్పేనండీ, నాదే తప్పు. చాలా?"

బుంగమూతి మొదటిసారి మూతి విప్పి నవ్విందని అబ్బాయి అన్నాడు గానీ, మిగతావాళ్లు చూసేలోపు మళ్లీ ముడిచేసుకుంది.

మెడికల్ షాపతనికి మాత్రం నిజం చెప్పడానికి ఎవరూ వెళ్లలేదు. తాతయ్య ఆ దారిన వస్తే అతను ఇప్పటికీ కుర్చీ తుడిచి వేస్తాడు, ఆయన కూర్చుంటారు కూడా.