ఏడో మంచం బీపీ

వార్డుకు ఉన్న ఒక్కగానొక్క బీపీ మెషిన్ కనబడకుండా పోయిన రోజున పెద్ద సిస్టర్ తలపెట్టిన పని చాలా చిన్నది. ఏడో మంచం పెద్దాయనకు పొద్దున ఒకసారి, పన్నెండింటికి ఒకసారి బీపీ చూసి చీటీలో రాయాలి. రెండూ నిలకడగా ఉంటే ఇంటికి పంపేస్తానని డాక్టరు మాట ఇచ్చాడు. ఆ డాక్టరు ఒంటిగంటకు వెళ్ళిపోతే మళ్ళీ మూడు రోజులకు గాని రాడు. పద్దెనిమిది రోజులుగా పైకప్పు చూస్తూ పడుకున్న పెద్దాయన, లేస్తూనే గడ్డం గీసుకుని చెప్పులు గుమ్మంవైపు తిప్పి పెట్టుకున్నాడు.

ముప్పై ఆరు మంచాలకు ఇద్దరు సిస్టర్లు. రాత్రి డ్యూటీకి రావలసినావిడ రాకపోవడంతో పెద్ద సిస్టర్ నిన్న మధ్యాహ్నం నుంచి కాళ్ళమీదే ఉంది. ఎవరైనా పేరడిగితే ఏదో ఒక మంచం నంబరు చెప్పేలా ఉంది.

ట్రాలీ కింద, పరుపుల కింద, దుప్పట్ల బీరువాలో వెతికింది. అందరినీ ఒక్కోసారి, పెద్దాయనను మాత్రం నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆయన "నాకేం తెలుసు తల్లీ" అని గోడవైపు తిరిగాడు. పాపం, దిగులు పెట్టుకున్నాడనుకుంది.

అనుమానం పక్క వార్డు మీదికి పోయింది. అక్కడివాళ్ళు ఐదు నిమిషాలకని పట్టుకెళ్ళిన వస్తువును వారానికి తెచ్చిస్తారు. అందుకే ఆ ఆస్పత్రిలో ఏ సిస్టరైనా ముందు తన వార్డు సామాను దాచుకుని, ఆ తర్వాతే రోగుల మొహం చూస్తుంది. పక్క వార్డు సిస్టర్ నడుం మీద చేతులు వేసుకుని, తమ మెషిన్ చెడిపోయి నెలైందనీ, ముందు వీళ్ళు తీసుకెళ్ళిన చక్రాల కుర్చీ సంగతి తేల్చమనీ అంది.

ఇక మిగిలింది స్టోరు. కొత్తది కావాలంటే, పాతది పోయినట్టు మూడు ప్రతులు రాసి డ్యూటీలో ఉన్న సిస్టర్లందరూ తన ఎదుటే సంతకాలు పెట్టాలన్నాడు గుమస్తా.

"ఇద్దరం ఇక్కడుంటే వార్డులో ఎవరుంటారండీ?"

"అది మా సెక్షన్ కాదమ్మా."

చిన్న సిస్టర్‌కు కబురు వెళ్ళింది. ఆమె వచ్చేసరికి గుమస్తా టీకి వెళ్ళాడు. ఐదు నిమిషాల పని గంట దాటింది. తీరా సంతకాలయ్యాక, స్టాకు వచ్చే నెల వస్తుందని చల్లగా చెప్పాడు.

ఈలోగా వార్డు తన కాళ్ళమీద తాను నిలబడింది. పన్నెండో మంచం పెద్దకోడలు పెత్తనం అందుకుంది. ఎవరి అత్తకో ఎవరి కూతురో జావ తాగిస్తోంది. ఒక అల్లుడు, విరిగిన స్టాండు పక్కన సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని విగ్రహంలా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారులు వచ్చారు. మంచానికొక మనిషి కనబడేసరికి వాళ్ళ మొహాలు విప్పారాయి. ఇక్కడ పనిచేసేది ఎందరని అడిగారు.

"అందరమూ చేస్తామండీ. రాత్రయితే ఇంకా ఎక్కువమంది ఉంటాం" అంది పెద్దకోడలు గర్వంగా.

సిస్టర్లిద్దరూ ఆయాసపడుతూ వచ్చేసరికి బల్లమీద కాగితం సిద్ధంగా ఉంది. ఈ వార్డులో సిబ్బంది అవసరానికి మించి ఉన్నారు, కనుక ఒక సిస్టర్‌ను వెంటనే పక్క వార్డుకు పంపవలెను.

"వెళ్ళిరానా మరి అక్కా?" అంది చిన్న సిస్టర్. అప్పటికి పన్నెండున్నర.

పెద్ద సిస్టర్ ఏడో మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. "బాబాయిగారూ, మిమ్మల్ని ఈ పూట ఇంటికి పంపలేకపోయాను."

పెద్దాయన అటూ ఇటూ చూసి, దిండు కింద నుంచి తువ్వాలు చుట్టిన పొట్లం తీశాడు. అందులో మెషిన్ ఉంది.

"పొద్దున్నే నువ్వే కదమ్మా ఇచ్చావు, పక్క వార్డువాళ్ళ కంటపడనీయొద్దని? 'నిద్రమత్తులో నేనే ఎవరికో ఇచ్చేస్తాను, నేనడిగినా ఇవ్వకండి' అన్నావు. నాలుగుసార్లు అడిగావు. ఇచ్చానా?"

ఆమెకు లీలగా గుర్తొచ్చింది. నవ్వబోయింది గాని, దానికీ ఓపిక లేదు. పెద్దాయన గుమ్మంవైపు వేసిన చూపు మాత్రం తట్టుకోలేక, డాక్టరును ఒక్క రీడింగుకే ఒప్పిద్దామని లేచి మెషిన్ పట్టీ ఆయన చేతికి చుట్టింది. అంతలో పన్నెండో మంచం నుంచి పెద్దకోడలు కేక వేసింది. ముప్పై ఆరు మంచాలకూ ఇప్పుడు తనొక్కతే. "కదలకండి, ఇప్పుడే వస్తా" అని పరుగెత్తింది.

డాక్టరు వెళ్ళి అరగంటైంది. పట్టీ పెద్దాయన చేతికి చుట్టే ఉంది. గాలి కొట్టడమే మిగిలింది.