అరగని రెక్క

ఒక పెద్ద అడవి నడిమధ్యన ఏరు పారేది. ఇవతలి ఒడ్డుకు సింహం రాజు, అవతలి ఒడ్డుకు పులి రాజు. ఇద్దరికీ పడదు. ఇద్దరి దగ్గరా చెరో డేగ ఉండేది. కాకులు గూళ్ల మీద పడకుండా ఆకాశం కాయడం వాటి పని.

ఎవరి డేగ గొప్పదని ఏటా తగువే. వేగంలో, ఎత్తులో రెండూ సమఉజ్జీలు. చివరికి మన్నిక తేల్చుకుందామన్నారు. ఏడాదిలో ఏ డేగకు తక్కువ ఈకలు రాలితే దాని రెక్కే గట్టిదని ఒప్పుకున్నారు. తీర్పు రాబందు తాతది.

ఇవతలి ఒడ్డున రెక్కల శాఖకు అధికారి శిఖండయ్య అనే నెమలి. తాను ఏనాడూ చెట్టు కొమ్మ దాటి ఎగిరిన పాపాన పోలేదు. తోక పొడుగు చూసి పదవి ఇచ్చారు. ఓడితే ఆ తోక పీకి విసనకర్ర చేయిస్తానని సింహం నవ్వుతూ అంది. ఆ నవ్వు తలచుకుంటే శిఖండయ్యకు తిండి సయించేది కాదు.

వెంటనే డేగను పిలిపించాడు.

"ఏమయ్యా సూరన్నా, ఈకలెందుకు రాలుతున్నాయి?"

"ఎగురుతున్నాను గదండీ. మళ్లీ మొలుస్తాయి లెండి."

"మొలిచినవాటికి మార్కుల్లేవు. ఎగరకపోతే?"

"ఎగరకపోతే ఎందుకు రాలతాయండీ?"

"మరదే! రేపట్నుంచి ఎగరకు."

"కాకులొస్తేనో?"

"మనకో డేగ ఉందని వాటికి తెలుసులే."

సూరన్న కొమ్మ మీదే కూర్చున్నాడు. ఉడతలు ఈకలు దువ్వేవి, కుందేళ్లు నోటికి తిండి అందించేవి. పోటీ నాటికి అతనికి ఒళ్లు కదలకపోతే, అడవిదున్న మీద ఊరేగిస్తూ తెచ్చారు. అవతలి డేగ మాత్రం చిరిగిన విస్తరాకులా ఎగురుకుంటూ వచ్చింది. రాబందు తాత రెంటినీ తేరిపార చూసి, సూరన్నే గెలిచాడన్నాడు.

శిఖండయ్యకు సన్మానం జరిగింది. పులి సిగ్గుపడి ఇంటికెళ్లి, తన డేగనూ కొమ్మకు కట్టేయించింది.

ఆ వారమే శిఖండయ్య భార్య పొదలో గుడ్లు పెట్టింది.

"పోటీ అయిపోయింది గదండీ, ఇక సూరన్నను ఎగరనివ్వండి. నాకు భయంగా ఉంది," అంది.

"వచ్చే ఏడు పోటీ లేదుటే? తోక పోతే నీకే నామర్దా," అన్నాడు శిఖండయ్య.

దున్న మీద ఊరేగిన డేగను కాకులు కూడా చూశాయి. వాటికి శాఖ లేదు గానీ కళ్లున్నాయి. శిఖండయ్య ఆ మాటన్న మర్నాడే గుంపుగా వచ్చి పొద మీద పడ్డాయి.

"ఏమండోయ్, గుడ్లు!"

"సూరన్నా, లేవయ్యా!" అని శిఖండయ్య గొంతు చించుకున్నాడు.

పాపం, సూరన్న లేచాడు. రెండుసార్లు రెక్కలాడించి, బురదలో కూలబడ్డాడు. కాకులు తీరిగ్గా తిని వెళ్లాయి. నెమలమ్మ పెంకుల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే శిఖండయ్య గుండె తరుక్కుపోయింది. ఏ మొహం పెట్టుకుని ఓదార్చాలో తెలియలేదు.

అంతలో రాజుగారి నక్క పరుగెత్తుకొచ్చింది.

"డేగ కింద పడిందట గదా! ఏమన్నా నష్టం జరిగిందా అని రాజావారు కంగారు పడుతున్నారు."

శిఖండయ్య కళ్లు తుడుచుకుని బురదలోకి తొంగి చూశాడు.

"ఏమీ లేదని చెప్పండి. ఒక్క ఈకా రాలలేదు."

నీతి: ఎగరని రెక్కకున్నంత మన్నిక లోకంలో దేనికీ లేదు.